అందరికీ నా కాలే కావాలి

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. తల ముందు రావాల్సిన చోట పాదాలు ముందు వచ్చాయట. అప్పుడు మా అమ్మ పడ్డ యాతన గురించి ఎవరూ మాట్లాడరు గానీ, నా పాదాల సంగతి మాత్రం సోమందేపల్లెలో మా మగ్గాల వీధి మొత్తానికీ తెలుసు. అలా పుట్టినవాళ్ళు కాలితో తంతే పట్టేసిన నడుము వదులుతుందని మా వైపు గట్టి నమ్మకం. నాకు ఊహ తెలిసేటప్పటికే ఆదివారం పొద్దున మా గడప ముందు జనం నడుములు పట్టుకుని నిలబడి ఉండేవాళ్ళు. వాళ్ళు బోర్లా పడుకుంటే నేను ఎడమ కాలితో నడుము మీద తన్నేదాన్ని. అందుకు నా గౌను జేబులో బొరుగులో, బెల్లం ముక్కో వేసి పోయేవాళ్ళు.

నాయన పట్టుచీరలు నేసేవాడు. గుంతమగ్గంలో కాళ్ళు వేలాడేసుకుని కూర్చునే, వచ్చినవాళ్ళకు నా గురించి చెప్పేవాడు.

"మా పాప కాలు పడితే సాలప్పా. లేసి ఉరుకుతావు."

ఇంత గొప్ప కాలు పెట్టుకుని నేను పోయి పోయి చేతులతో బతకాలనుకున్నాను. ఫిజియోథెరపీ చదివాను. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో ఒక పెద్దావిడ దగ్గర ఆస్టియోపతి నేర్చుకున్నాను. తర్వాత మా ఊరికే తిరిగొచ్చి, హైవే పక్కన ఎరువుల అంగడి పైన ఒక గది తీసుకున్నాను. బోర్డు మీద 'ఆస్టియోపతి' అని రాయించి, ఎవరికీ అర్థం కాదని కింద 'చేతి వైద్యం' అని కూడా రాయించాను. ఆ కింది మాట చదివిన వాళ్ళు కూడా మెట్లెక్కి వచ్చి నా చేతుల వైపు చూడరు. నా కాళ్ళ వైపు చూస్తారు.

ఈ వైద్యం ఏమిటో ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. మళ్ళీ చెప్తాను, ఈసారైనా ఎవరైనా చివరిదాకా వింటారేమో. ఒంట్లో ఎముక, కండ, నరం, ఊపిరి దేనికది వేరుగా ఉండవు. ఒకచోట బిగుసుకుంటే ఆ బరువు ఇంకోచోట మోయాలి. నేతపని చేసే మనిషి మెడ నొప్పని వస్తే నేను మెడ ఒక్కటే చూడను. నిలబెట్టి వెనక నుంచి భుజాల ఎత్తు, తుంటి వాలు చూస్తాను. పక్కటెముకల మీద అరచేతులు ఆనించి, ఊపిరి ఏ పక్క సరిగ్గా నిండడం లేదో చూస్తాను. ఒకే కాలితో మగ్గం తొక్కీ తొక్కీ తుంటి బిగిసిపోయి, దాన్ని సర్దుకోలేక నడుము, నడుమును సర్దుకోలేక మెడ పట్టేసి ఉంటుంది. అప్పుడు తుంటి దగ్గర మొదలుపెడతాను. మెల్లగా సాగదీసి, పట్టుకుని, వాళ్ళ ఊపిరితో పాటు వదులుతాను. ఒళ్ళు తనను తాను బాగుచేసుకోవడానికే చూస్తుంది, అడ్డం తొలగించడమే మన పని అని మా గురువు చెప్పేది. అన్ని జబ్బులూ దీంతో పోవు. పోతాయని చెప్పేవాళ్ళను నమ్మకండి.

ఇదంతా చెప్పాక ఏమంటారో తెలుసా?

"టక్కుమని సప్పుడు రాలేదే?"

ఎముక జరిగింది, దాన్ని టక్కున లోపలికి తోసేస్తే పని అయిపోతుంది, ఇదీ వీళ్ళ లెక్క. జరగలేదయ్యా అంటే వినరు. ఒకసారి మడకశిర వైపు నుంచి గొర్రెలు కాసే పెద్దాయన వచ్చాడు. అంత దూరం బస్సులో నిలబడే వచ్చాడట. ఎంతోసేపు ఓపిగ్గా చూశాను. లేచి నిలబడ్డాడు, వంగాడు, తలపాగా సర్దుకున్నాడు. నొప్పి తగ్గిందని ఆయనే ఒప్పుకున్నాడు. తగ్గాక మళ్ళీ వెళ్ళి బల్ల మీద బోర్లా పడుకున్నాడు.

"ఏమప్పా, ఇంగేం కావాలి?" అన్నాను.

"చెయ్యి ఆయె కదమ్మా. కాలెప్పుడేస్తావు?"

ఆ రోజు నాకు వచ్చిన కోపానికి నిజంగానే తన్నేదాన్ని. తన్నలేదు. ఆయన నా గడప దగ్గరే నిలబడి, అసలు వైద్యం చేయకుండానే పంపిస్తాండాదని కిందున్న అంగడాయనకు చెప్పి వెళ్ళాడు.

నాయన వాళ్ళందరికంటే మొండి. నడుము నొప్పి ఆయనకు ఎప్పటి నుంచో ఉంది. చూస్తాను రా నాయనా అంటే, "మగ్గం కాడ కూసున్నోనికి నడుం నొయ్యకుంటే ఏం నొస్తాది, గమ్మునుండు" అనేవాడు. కూతురి ముందు చొక్కా విప్పి పడుకోవడం ఆయనకు నామోషీ. ఊళ్ళో అందరి వీపులూ చూస్తాను, మా ఇంట్లో వీపు మాత్రం చూడకూడదు. ఇంట్లో కూర్చుని మగ్గం చప్పుడు వింటుంటే నాకు తెలుస్తూనే ఉండేది. తొక్కుడు ఒకటి గట్టిగా పడేది, ఇంకొకటి ఆలస్యంగా పడేది. అడిగితే కసురుకునేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఆయనే నా గదికి వచ్చాడు. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కాడు. లోపలికి వచ్చి నా ముందు నిలబడ్డాడు. కుడి కాలికి చెప్పు ఉంది. ఎడమ కాలికి లేదు.

"చెప్పు యాడ పోయింది నాయనా?"

ఆయన కిందికి చూసుకున్నాడు. అప్పటిదాకా ఆయనకు తెలియదు. నేను బయటికి వెళ్ళి చూస్తే చెప్పు సగం మెట్ల దగ్గర పడి ఉంది. దాన్ని చేతిలో పట్టుకుని లోపలికి వచ్చాను.

కుర్చీలో కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమన్నాను. దూది తీసుకుని ఎడమ పాదం మీద రాశాను. వేళ్ళ మీద, మడమ మీద, అరికాలి మీద రాశాను.

"యాడ ముట్టుకుంటాండానో చెప్పు."

"ముట్టుకుంటే కదా చెప్పేది," అన్నాడు ఆయన విసుగ్గా.

ఇంకో ప్రశ్న అడగాలి. ఏ కూతురూ తండ్రిని అడగని ప్రశ్న. అడిగాను. ఆయన గోడ వైపు తిరిగి, నిన్నటి నుంచి ఒంటికి పోవడం కష్టంగా ఉందని గోడకే చెప్పాడు.

మా గురువు మొదటి రోజు నేర్పింది చేతులు ఎక్కడ వేయాలో కాదు, ఎప్పుడు వేయకూడదో. వెన్నులో డిస్కు జరిగి నరాల కట్ట మీద ఒత్తుకుంటే పాదం మొద్దుబారుతుంది, పట్టు తప్పుతుంది, మూత్రం ఆగుతుంది. అప్పుడు మర్దనా లేదు, సాగదీయడం లేదు, వెంటనే ఆపరేషన్ చేసే చోటికి వెళ్ళాలి. ఆలస్యమైతే పోయిన స్పర్శ తిరిగి రాకపోవచ్చు. అరికాలికి తెలియకపోతే మా నాయన మగ్గం తొక్కలేడు. మగ్గం తొక్కకపోతే ఆయన ఏమవుతాడో నేను ఊహించుకోలేను.

కింద అంగడాయనను కారు తీయమని కేకేశాను. వెనక్కి తిరిగి చూస్తే నాయన నేల మీద బోర్లా పడుకుని ఉన్నాడు.

"తన్ను పాపా."

"నాయనా, లే. బెంగళూరికి పోవాల."

"ఆస్పత్రికి నేను రాను. తన్ను, సరిపోతాది."

"తన్నితే నరం ఇంగా నలిగిపోతాది! ఒక్కసారైనా నా మాట వినవా?"

"ఊరందరికీ తన్నినావు. కన్న నాయనకు తన్నవా?"

అన్నేళ్ళ చదువు నాది. అంత చిన్న గదిలో గోడ నిండా పటాలు కట్టించి పెట్టాను, వెన్నెముక బొమ్మ వేలాడదీశాను. మా నాయన వాటి కింద పడుకుని నా కాలి కోసం ఎదురుచూస్తున్నాడు. నాకు ఏడుపు వచ్చింది, అంతకంటే ఎక్కువ ఒళ్ళు మండింది. వాదించడానికి టైము లేదు. పోయే ప్రతి నిమిషం ఆయన కాలిదే.

"తన్నితే కార్లో కూసుంటావా?"

"కూసుంటా."

ఎడమ పాదం ఆయన నడుము మీద ఆనించాను. ఆనించానంతే, బరువు వేయలేదు. చొక్కా చెమటతో తడిసి ఉంది. ఆయన ఊపిరి నా అరికాలి కింద పైకి లేచి దిగింది. చిన్నప్పటి నుంచీ ఎందరి నడుములనో తన్నిన నేను ఆయన వీపు మీద కాలు పెట్టడం అదే మొదలు.

"ఆయెనా?" అన్నాడు.

"ఆయె. లే, పోదాం."

"ఇంగోసారి."

"కారెక్కు నాయనా!"

ఆ సాయంత్రమే బెంగళూరులో ఆపరేషన్ చేశారు. సమయానికి తెచ్చారని డాక్టరు అన్నాడు. మూత్రం సంగతి కుదుటపడింది. నడక కూడా కర్ర సాయంతో వచ్చింది. పాదం సంగతి మాత్రం చెప్పలేమన్నాడు. నరం కోలుకుంటే స్పర్శ రావచ్చు, రాకపోవచ్చు, చూద్దాం అన్నాడు. చూద్దాం అనే మాట విని ఇంటికి తెచ్చుకోవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

మగ్గం మీద దుప్పటి కప్పాం. సగం నేసిన చీర దాని కిందే ఉండిపోయింది. డాక్టరు సరే అన్నాక రోజూ పొద్దున ఇంటి ముందు పంచలో ఆయన ముందు కూర్చుని ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకునేదాన్ని. చీలమండ తిప్పి, వేళ్ళు విడదీసి, పిక్క వదులు చేసేదాన్ని. మోకాలి పైదాకా వెళ్ళి మళ్ళీ కిందికి వచ్చేదాన్ని. ఆ పాదం ఎవరిదో అన్నట్టు ఆయన వీధిలోకి చూస్తూ ఉండేవాడు. అంతకంటే నాకు మండేది, పలకరించడానికి వచ్చినవాళ్ళకు ఆయన చెప్పే కథ.

"కత్తి పెట్టి కుట్లేసినారు, నిజమే. వాళ్ళ పని వాళ్ళు చేసినారు. కానీ నన్ను లేపింది మా పాప కాలప్పా. ఒక్క తన్ను!"

తన్నలేదు నాయనా, ఆనించాను అంటే ఎవరు వింటారు? ఆయన కథ పుణ్యమా అని నా గది ముందు జనం పెరిగారు. కొత్తచెరువు నుంచి కూడా వస్తున్నారు. అందరికీ నా కాలే కావాలి. నడుము నొప్పితో పాటు కాలు మొద్దుబారినా, ఒంటికి ఆగినా నా దగ్గరికి కాదు, నేరుగా ఆస్పత్రికి పోండి అని బోర్డు కింద ఇంకో వాక్యం రాయించాను. దాన్ని చదివి పైకొచ్చి, చెప్పులు విప్పి, బోర్లా పడుకుంటున్నారు.

చలి మొదలైన రోజుల్లో ఒక పొద్దున ఎదురింటి నేతాయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నేను అప్పుడే బొక్కెన నీళ్ళలో చేతులు కడుక్కుని వచ్చి పాదాన్ని ఒళ్ళోకి తీసుకున్నాను. నాయన ఎప్పటిలాగే కథ మొదలుపెట్టాడు. నేను పళ్ళు కొరుక్కుంటూ అరికాలిని రెండు చేతులతో పట్టుకున్నాను.

"నేల మీద పండుకున్నా. మా పాప కాలెత్తింది. ఎత్తి ఒక్క తన్ను... ఏయ్! చేతులు సల్లగుండాయి, తీయ్!"

పాదాన్ని వెనక్కి లాక్కోబోయాడు. నేను వదల్లేదు. తను అన్న మాట ఏమిటో ఆయనకు తెలియలేదు. నాకు కళ్ళ ముందు పంచ, వీధి, ఎదురింటాయన అన్నీ మసకబారాయి.

"తీయమంటే తీయవేం పాపా? సలి!"

"ఇంగోసారి చెప్పు నాయనా," అన్నాను.

"సలి అంటాండా కదా!" అని కసిరి, ఎదురింటాయన వైపు తిరిగి, "యాడికొచ్చినాం? ఆ, తన్నింది కదా..." అని ఆగిన చోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు.