మోటర్లు ఆగేదాకా మిక్సీ

సౌదీకి పోయేటప్పుడు మా ఆవిడ మిక్సీని లుంగీలో చుట్టి నా పెట్టెలో పెట్టింది. బోరు ఎండిపోయి కూలికి పోతున్న మనిషికి మిక్సీ ఎందుకని అడిగాను. పల్లీల తొక్కు, అంటే పచ్చడి, లేకపోతే నాకు ముద్ద దిగదని ఆమె వాదన. అది నిజమే.

మొదటి శుక్రవారం క్యాంపు గదిలో పల్లీలు, పచ్చిమిరపకాయలు వేయించి మిక్సీలో పోశాను. స్విచ్ వేస్తే అది ముసలి ఎద్దులా మూలిగింది. బ్లేడు మాత్రం ఏదో మొహమాటానికి తిరిగినట్టు తిరిగింది. నాకేం కంగారు కలగలేదు. మా ఊరు బీర్పూర్‌లో పొలాల మోటర్లన్నీ నడిచే వేళ వోల్టేజీ పడిపోయి మా ఇంట్లో మిక్సీ ఇట్లాగే తిరిగేది. మోటర్లు ఆగాకే తొక్కు నూరుకునేవాళ్లం.

అందుకే పక్క మంచం మీదున్న చందుర్తి రాజేశంను అడిగాను.

"అన్నా, ఈడ మోటర్లు ఎప్పుడు బంద్ పెడ్తరు?"

రాజేశం లేచి కూర్చుని, కిటికీలోంచి కనిపించినంత మేర ఇసుకను చూశాడు.

"ఈడ మోటర్లు ఏడున్నయ్ తమ్మీ. గీ క్యాంపుల వోల్టేజే మన కాడికంటే సగం ఉంటది. పొద్దుమీకిందాక ఆగినా అది గింతే."

పల్లీలు పల్లీల్లాగే మిగిలిన ఆ తొక్కును ఇద్దరం నములుకుంటూ తిన్నాం.

తర్వాత ఫోన్‌లో మా ఆవిడ మొదట అడిగింది మిక్సీ గురించే.

"మంచిగనే ఉంది. అచ్చం మనూర్ల నడిచినట్టే నడుస్తున్నది," అన్నాను.

అటునుంచి ఆమె అడిగింది.

"గట్లయితే గంత దూరం ఎందుకు పోయినవ్?"