చైనాలో పండగ, బండ్రిలో మిగిలిన పాలు

ఈ రోజు పొద్దున గనుల దారిలో బండ్రి ఊరి దగ్గర హనుమక్క హోటల్లో టీ తాగడానికి ఆగాను. రోజూ అక్కడ ఇనుప ఖనిజం లారీలు రోడ్డు పొడవునా నిలబడి ఉంటాయి. ఈ రోజు ఒక్కటీ లేదు. ఆమె మాత్రం ఎప్పటిలాగే పెద్ద గిన్నె నిండా పాలు కాచి కూర్చుంది. ఆ లారీల ఎర్రదుమ్ము పడి చేను పండడం మానేశాక ఆ ఇంటికి ఈ పొయ్యే ఆధారం.

కాసేపటికి లారీ డ్రైవర్ బాషా మోటార్ సైకిల్ మీద వచ్చి సంగతి చెప్పాడు. "చైనాలో కొత్త సంవత్సరమంటక్కా. ఆడ మన ఖనిజం కొనేటోళ్లంతా రజా పెట్టి ఊర్లకు పోయినారంట. వాళ్లు తిరిగొచ్చేదాకా లోడింగ్ బంద్."

"మన ఉగాదికి ఒక్క పూట లారీలు ఆపండప్పా, రోడ్డు దాటేకి భయమైతాందని మొత్తుకుంటే ఆపల్యా. యాడనో ఉండేవాళ్ల పండక్కి ఆపినారా?"

"మన ఉగాదికి వాళ్లు కొనేది నిలపల్యా గదక్కా."

"అయితే ఈ పాలేం చేసేది? పాయసం చేసి వాళ్లకు పంపేదా?"

బాషా నవ్వాడు. ఆమె నవ్వలేదు. పాలు చల్లార్చి తోడు వేసింది. నేను లేస్తుంటే, "ఏమప్పా, సదువుకున్నోనివి. వచ్చే ఏడు ఆ పండగ ఎప్పుడొస్తాదో చూసి చెప్పు. ఆ దినాల్లో పాలు తక్కువ పోయించుకుంటా" అంది.

ఇంటికొచ్చి గోడ క్యాలెండర్ తిరగేశాను. ఉగాది, రంజాన్, గుడ్ ఫ్రైడే అన్నీ ఉన్నాయి. హనుమక్క పొయ్యి ఆర్పే పండగ మాత్రం అందులో లేదు. మీలో ఎవరికైనా వచ్చే ఏడాది తేదీ తెలిస్తే చెప్పండి. చూసి చెబుతానని ఆమెకు మాట ఇచ్చాను.