కళ్లు లేకపోయినా దీపం పెట్టాలి

మా ఎదురు ఫ్లాటు యూదుల ఆవిడ పోయిన మంగళవారం చనిపోయింది. పొద్దున కబురు తెలిసింది, సాయంత్రానికల్లా మట్టి అయిపోయింది. వాళ్లలో ఆలస్యం చెయ్యకూడదట. చావులో కూడా ఏం చెయ్యాలో చెప్పే మాట ఒకటి వాళ్లకు సిద్ధంగా ఉంటుంది. ఆవిడ మీద నా అసూయంతా దాని గురించే. మనిషి పోయినా అది పోలేదు.

ఈ లమ్మడా పేటలో ఒకే మెట్లు ఎక్కి దిగుతూ ఇద్దరం ముసలివాళ్లమయ్యాం. నన్ను వదినా అనేది, మా ఇంట్లో విని నేర్చుకున్న పిలుపు. శుక్రవారం పొద్దుగూకిందంటే మర్నాడు చీకటి పడేదాకా స్విచ్చి ముట్టుకోదు. వెయ్యమని అడగదు కూడా. "ఉక్కగా ఉందిగదా వదినా" అంటుంది, అంతే. నేను లేచి ఫ్యాను వేసేదాన్ని.

ఆవిడ కూతురికీ నా కూతురికీ పెళ్లయి ఏళ్లు గడిచినా కడుపు పండలేదు. ఇద్దరూ ఒకే ఆస్పత్రికి తిరిగారు. వాళ్లలో నెలసరి ఆగాక ఇంకో ఏడు రోజులు చూసుకుని, నీళ్లలో మునిగాకే మొగుణ్ణి చేరాలట. ఆ పిల్లకు అండం అంతకు ముందే విడుదలవుతోందని డాక్టరమ్మ చెప్పింది. దాన్ని కొన్ని రోజులు ఆలస్యం చేసే మాత్రలు వాడొచ్చా అని ఆవిడ పై దేశంలో ఉన్న వాళ్ల గురువుకు ఫోను చేసి అడిగింది. వాడొచ్చన్నాడు. మేం గుళ్లో అడిగితే "అంతా అమ్మవారి దయ తల్లీ" అన్నారు. దయ గురించి కాదు, నాకు మాత్ర గురించి తెలియాలి.

మాత్రలతో కాలేదు. ల్యాబులో బిడ్డను నిలపాలన్నప్పుడు, ఒకరి అండం, బీజం ఇంకొకరివాటితో కలవకుండా మనిషి కాపలా ఉండాలన్నాడు గురువు. ఊళ్లో వాళ్లవాళ్లు ఎక్కువమంది మిగల్లేదు. ఆవిడే వెళ్లి అద్దాల గది ముందు స్టూలు వేసుకుని కూర్చుంది.

"ఏటి వదినా, మీ దేవుడికి డాక్టర్ల మీద నమ్మకం నేదా?" అన్నాను కడుపుమంటతో.

"దేవుడికి ఉంది. సీసాల మీద పేరు అంటించే పిల్లకి కునుకొస్తే ఏటి సేస్తాం?"

నా కూతురి వంతుకి నేను పిలవకుండానే వచ్చి అదే స్టూలు మీద కూర్చుంది.

"మాకా కట్టుబాటు నేదుగదా?"

"నీకు బెంగుందిగదా" అంది.

ఆవిడ కూతురికి నిలిచింది. నా కూతురికి నిలవలేదు. మిఠాయి తెచ్చిస్తే నవ్వి తీసుకున్నాను, నోట పెట్టలేకపోయాను.

ఆ పిల్లకు నొప్పులు శుక్రవారం సందెవేళే మొదలయ్యాయి. కరెంటు లేదు. స్విచ్చి ముట్టని మనిషి చర్రున అగ్గిపుల్ల గీసింది, టాక్సీకి ఫోను చేసింది.

"ఈయాల ముట్టుకోకూడదుగదా?" అన్నాను.

"నొప్పులు పడే మనిషికి ముట్టుకోవాల. ఆ మనిషికి కళ్లు నేకపోయినా, దీపం కావాలంటే పెట్టాల. మనసు కుదుటపడతాదని మా శాస్త్రంలోనే ఉంది."

నా జీవితమంతా భయంలోనే నడిచింది. మా ఆయన, పిల్లలు అందరూ ఊరికే భయపడకు అన్నవాళ్లే. ఆ భయానికి దీపం పెట్టమనే శాస్త్రం ఒకటి ఉందని ఆ రోజే విన్నాను. మనవణ్ణి ఎత్తుకున్నప్పటికంటే ఆ మాట అన్నప్పుడే ఆవిడను చూసి ఎక్కువ కుళ్లుకున్నాను.

రెండోసారి ల్యాబులో ప్రయత్నిస్తే నిలిచింది, ఇప్పుడు నా కూతురికి ఎనిమిదో నెల. ఆ కాపలా కూడా ఆవిడే కూర్చుంది. నొప్పులొచ్చిన రోజు నీతో నేనుంటానంది. ఉండకుండా పోయింది.

నిన్న సందెవేళ కరెంటు పోయాక ఆవిడ కూతురు వచ్చి, వాళ్లింటి ఛార్జింగు దీపం నా చేతిలో పెట్టింది.

"మా పిల్ల కాన్పుకా?" అన్నాను.

"కాదు అత్తా. మా అమ్మ పోయేముందు నీకిమ్మంది."

కరెంటు ఇంకా రాలేదు. ఎదురు తలుపు వేసి ఉంది. దీపం ఒళ్లో పెట్టుకుని వెలిగించాను. చూడ్డానికేం లేదు, అయినా ఆర్పలేదు.