బేస్ ట్రాప్‌లో విసనకర్ర చప్పుడు

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. శ్మశానం పక్క స్థలం చవగ్గా వస్తే ముందు నేనే కొనే రకాన్ని. పైగా ఈ సంగతిలో చచ్చిపోయినవాళ్ళెవరూ లేరు. అప్పన్న తాత బతికే ఉన్నాడు. దయ్యమైతే భయపడి ఊరుకునేవాణ్ణి, ఆయన ముఖం చూడాలంటేనే సిగ్గుగా ఉంది.

మాది మద్దిలపాలెంలో మేడ. డాబా మీది రేకుల గదిలో తాత ఒక్కడే అద్దెకుండేవాడు. ఒకప్పుడు ఫిషింగ్ హార్బర్ నుంచి బోట్ల మీద వేటకెళ్ళేవాడు, ఇప్పుడు వలలు బాగుచేస్తాడు. ఎండాకాలం ఆ గది పెనంలా కాలుతుంది. పోయిన వేసవికి ముందు మా హాల్లోకి వేడి దిగకుండా ఫాల్స్ సీలింగ్ పైన రాక్‌వూల్ పలకలు పరిపించాను. అవి రాతి నారతో చేసిన గట్టి పరుపుల్లా ఉంటాయి. ఎనిమిది మిగిలాయి. "తాతా, ఇవి నీ రేకుల కింద కొట్టిస్తాను" అని నేనే నోరారా చెప్పాను. ఆయన అడగనుకూడా లేదు.

నాకు సెలవురోజుల్లో కథలు చదివి రికార్డు చేసే పిచ్చి ఉంది. నా చిన్న గదిలో గొంతు బిందెలో మాట్లాడినట్టు గుమ్మని మోగేది. ఆ మోత తగ్గాలంటే మూలల్లో బేస్ ట్రాప్‌లు పెట్టాలి, అంటే బరువైన శబ్దాన్ని మింగేసే మందపాటి దిమ్మలన్నమాట. చెక్క చట్రాల్లో ఇలాంటి పలకలే కూరి గుడ్డ చుడితే చాలని తెలిసింది.

ఒక ఆదివారం మా బావమరిది శ్రీనూ నేనూ ముక్కులకి గుడ్డలు కట్టుకుని కూర్చున్నాం. మూలకి రెండు చొప్పున ఎనిమిదీ అయిపోయాయి. మా ఆవిడ పాత కాటన్ చీరలు చుట్టాం. రెండ్రోజులు చేతులు ఒకటే దురద.

"బావా, ఇయి తాత గదికన్నావు కదేటి?" అన్నాడు శ్రీను.

ఎండలు ముదిరేలోపు ఇంకో ఎనిమిది తెద్దాంలే అన్నాను. తేలేదు. మాటలు కోటలు దాటుతాయి, చేతలు గడప దాటవు అంటారే, అది నేనే.

మే నెలలో వడదెబ్బ తగిలి తాత ఆ గదిలోనే పడిపోయాడు. కూతురు నరసమ్మ వచ్చి తగరపువలస తీసుకెళ్ళింది. వెళ్ళేటప్పుడు కూడా పలకల గురించి ఆయన ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు.

తరవాతి ఆదివారం మధ్యాహ్నం ఒక కథ రికార్డు చేశాను. చప్పుడు రాకుండా ఫ్యాను ఆపి, కిటికీలు మూసి చదువుతాను. చొక్కా తడిసి ముద్దవుతుంది. విని చూస్తే గొంతు శుభ్రంగా ఉంది. దాని వెనక మాత్రం సర్, సర్‌మంటూ తాటాకు విసనకర్ర చప్పుడు. చదివినంతసేపూ ఉంది. మధ్యలో కాసేపు ఆగి, చెయ్యి మార్చుకున్నట్టు మళ్ళీ మొదలయ్యేది.

మైకు మార్చాను. ఇంటి కరెంటు మెయిన్ ఆపేసి ఫోన్‌తో రికార్డు చేశాను. అయినా ఉంది. వంటింట్లో చదివితే లేదు. మూల దిమ్మల దగ్గరికి జరిగితే ఇంకా స్పష్టంగా ఉంది. చెవికి వినబడదు, రికార్డులోనే ఉంటుంది. పైన డాబా గదికి తాళం వేసి ఉంది. శ్రీనుకి వినిపిస్తే లేచి వెళ్ళిపోయాడు.

మూడు వారాలు చూసి, ఇక ఉండబట్టలేక తగరపువలస వెళ్ళాను. తప్పు ఒప్పేసుకుందామనే వెళ్ళాను. తాత మంచం మీద కూర్చుని ఉన్నాడు. పైన ఫ్యాను తిరుగుతున్నా చేతిలో విసనకర్ర ఆడుతూనే ఉంది. ఆ గాలి ఆయన వైపు కాదు, ఎదుటి ఖాళీ గోడ వైపు.

"జొరం తగ్గినా ఇది మానట్లేదు బాబూ. ఎవులికి ఇసురుతన్నావంటే సెప్పడు" అంది నరసమ్మ.

తాత నన్ను చూసి నవ్వాడు. "తలుపులన్నీ మూసీసి సదూతావు గదా బాబూ. ఉక్కకి ఏటైపోతావో అని నానే ఇసురుతన్నాను."

మంచినీళ్ళు తాగి వచ్చేశాను.

ఆ సాయంత్రమే దిమ్మలు విప్పి, ఎనిమిది పలకలూ రేకుల కింద కొట్టించాను. ఇప్పుడా గది చల్లగానే ఉంది, ఉండేవాళ్ళే లేరు.

ఆ చప్పుడు రికార్డులోకి ఎలా వచ్చిందో ఈనాటికీ నాకు తెలియదు. తెలుసుకోవాలంటే తాతని అడగాలి. అడగాలంటే ముందు పలకల సంగతి చెప్పాలి. ఇంకా చెప్పలేదు.