భుజం మీద మిగిలిన చేయి

పరువు పోగొట్టుకోవడానికి లోకంలో జనం నానా తంటాలు పడతారు. నేను మాత్రం నున్నటి కాగితం మీద, రంగుల్లో, వెయ్యి కాపీలు అచ్చు వేయించుకుని మరీ పోగొట్టుకున్నాను. పరువొక్కటే పోతే ఇంత బాధ ఉండేది కాదు. వినండి.

కొన్నేళ్ల కిందట వనస్థలిపురంలో మాకో చిన్న బ్లౌజుల షాపు ఉండేది. మాకు అంటే నాకూ, సుజాతకూ. నేను గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినదాన్ని. సుజాతది ఇబ్రహీంపట్నం దగ్గర పల్లె. కొలతలు తీసేది సుజాత, కత్తిరించేది సుజాత, కుట్టేది సుజాత. మరి నువ్వేం చేసేదానివమ్మా అంటారా? మాట్లాడేదాన్ని. ఆ పనిలో నన్ను మించినవాళ్లు లేరు.

ప్లాట్లు అమ్మేవాళ్లు, ఇన్సూరెన్సు వాళ్లు విజిటింగ్ కార్డుల మీద ఫోటోలు వేయించుకోవడం చూసి నాకూ బుద్ధి పుట్టింది.

"మొహం కనిపిస్తే జనానికి నమ్మకం కుదురుతుంది సుజాతా. ఇద్దరం ఫోటో దిగుదాం," అన్నాను.

"నా మొకం ఎవలు జూస్తరక్కా," అని సిగ్గుపడింది. మర్నాడు మాత్రం పెళ్లిళ్లకని దాచుకున్న పట్టుచీర కట్టుకుని, చేతి నిండా ఆకుపచ్చ గాజులు వేసుకుని వచ్చింది. స్టూడియో అబ్బాయి దగ్గరగా నిలబడమంటే నా భుజం మీద చెయ్యి వేసింది. ఫోటో బాగా వచ్చింది. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది.

ఆడపడుచు పెళ్లికని సుజాత వారం రోజులు ఊరెళ్లింది. నేనొక్కదాన్నే దిల్‌సుఖ్‌నగర్‌లో కార్డులు వేసే షాపుకి వెళ్లాను. డిజైన్ చేసే కుర్రాడు కంప్యూటర్ ముందు తల గోక్కున్నాడు.

"ఇద్దరు పడ్తలేరు మేడమ్. ఒక్కల్ని ఉంచి ఫేస్ పెద్దగ చేస్తే మంచిగ కనవడ్తది. ఎవర్ని ఉంచాలె?"

ఇప్పుడు మీరు నన్ను తిట్టుకోవచ్చు. నేను నోటితో ఏమీ చెప్పలేదు. జుట్టు సవరించుకున్నానంతే. అతనికి అర్థమైపోయింది.

కార్డులు చేతికొచ్చాక నా మొహం తప్ప నాకింకేమీ కనపడలేదు. కాలనీ అంతా పంచాను. రెండో రోజున పక్క వీధి టీచరుగారు కార్డు పట్టుకుని వచ్చారు.

"ఏమండీ, మీ భుజం మీద ఆ చేయి ఎవరిది?"

చూద్దును కదా, నాలుగు వేళ్లు, మణికట్టు, ఆకుపచ్చ గాజులు. వెనక మనిషి లేదు. కంగారులో, "మా వారిదండీ," అనేశాను.

"మీ వారు గాజులు వేసుకుంటారా?"

సాయంత్రం ఒక పెద్దావిడ వచ్చి, "నీ వెనక ఎవరో ఉన్నట్టున్నారమ్మా, దిష్టి తీయించుకో," అని జాలిపడింది. కార్డుల కుర్రాడికి ఫోన్ చేస్తే, "గప్పుడే చెప్పాలె గద మేడమ్. పువ్వు పెట్టి కవర్ చేస్తుంటి," అన్నాడు.

ఇక నేనే స్కెచ్ పెన్ను తీసుకుని ఆ వేళ్లను నా ఊదారంగు చీరలో కలిపేద్దామని కూర్చున్నాను. భుజం మీద వంకాయ కాసినట్టు తయారైంది. పదో కార్డు దిద్దుతుండగా సకినాల డబ్బా పట్టుకుని సుజాత లోపలికి వచ్చింది. ఒక కార్డు తీసి చూసింది.

"గిది నా చెయ్యే గదక్కా."

"ఇద్దరం పట్టలేదు సుజాతా. కార్డు వెడల్పు తక్కువ..."

"చెయ్యి పట్టింది గద," అంది.

కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అని డబ్బా నా ముందు పెట్టి, మిషను దగ్గర కూర్చుంది. తప్పయిపోయిందని అప్పుడే అనాల్సింది. నేను కార్డు కొలతల గురించి ఇంకో పది నిమిషాలు వివరించాను.

చేతిలో ఉన్న పనంతా ముగించి, నెలాఖరుకి సుజాత వెళ్లిపోయింది. ఎల్బీ నగర్ మెట్రో దగ్గర చిన్న షట్టర్ కిరాయికి తీసుకుందని తెలిసింది.

ఆ వెంటనే ఒక పెళ్లికూతురి తల్లి పట్టుచీరా, దాని బ్లౌజు బట్టా తెచ్చింది. "కార్డు మీద ఉన్నది మీరే కదండీ. మీ చేత్తోనే కుట్టాలి," అంది. నాలుగేళ్లు పక్కన కూర్చుని చూసినదాన్ని, నాకు రాదా అనుకున్నాను. కత్తిరించాక చూసుకుంటే రెండు చేతులూ కుడివైపువే. ఆ పిల్లకి ఎడమ చెయ్యి లేదన్నట్టు కత్తిరించాను. మిగులు బట్ట జానెడు కూడా లేదు.

వేరే దారి లేక ఆ ముక్కలూ, చీరా సంచిలో వేసుకుని ఎల్బీ నగర్ వెళ్లాను. నా ముందు నలుగురు ఆడవాళ్లున్నారు. వరసలో కూర్చున్నాను. నా వంతు వచ్చింది. సుజాత ముక్కలు పరిచి, అటూ ఇటూ తిప్పి చూసింది. నవ్వలేదు.

"చీర అంచుల కెల్లి ముక్క అతికిస్త. లగ్గమెప్పుడు?"

"ఆదివారం."

"శుక్రారం రాండ్రి." రశీదు పుస్తకం తెరిచి పెన్ను పట్టుకుంది. "పేరు చెప్పుండ్రి."

పరాచికమేమో అనుకున్నాను. తల ఎత్తలేదు, పెన్ను కాగితం మీద ఆగి ఉంది. ఇంటిపేరుతో సహా చెప్పాను. రాసుకుని చీటీ చించి ఇచ్చింది. అక్కా అన్న పిలుపు కోసం గడప దగ్గర కాసేపు నిలబడ్డాను. వెనకాల ఉన్నావిడ జరగమంది.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ ఏ కార్డు మీదా నా మొహం ఎక్కించను. ఆధార్ కార్డు ఒక్కటే మినహాయింపు. అందులో ఎలాగూ ఒక్కదాన్నే కూర్చోబెడతారు.