వెనకపడే స్వరం

ఫెర్గస్ బేస్ గిటార్‌లో ప్రతి స్వరమూ డ్రమ్ము దెబ్బకు వెంట్రుకవాసి వెనకగా పడుతుంది. గ్లాస్గోలో బేస్ పట్టిన ప్రతివాడూ ఆ వెనకపాటును మక్కీకి మక్కీ దించేశాడు, ఎందుకో ఏమిటో అడక్కుండా. శనివారం మధ్యాహ్నాలు అతను వాయించే పబ్బులో ముందు బల్లలన్నీ వాళ్లవే. బీరు పక్కనపెట్టి అతని కుడిచేతినే చూస్తుంటారు.

ఆ చేతి సంగతి డ్రమ్ములు కొట్టే టావిష్‌కి ఒక్కడికే తెలుసు.

"నీ స్టైలని వాళ్లు మురిసిపోతున్నారు గానీ, పోయినవారం కంటే ఇంకా వెనకబడ్డావురా. డాక్టర్ దగ్గరికి నువ్వే పోతావా, నన్ను ఈడ్చుకుపొమ్మంటావా?"

"నువ్వే తొందరపడుతున్నావులే," అన్నాడు ఫెర్గస్. గ్లాసు మాత్రం ఎడమచేత్తో ఎత్తాడు.

చివరి పాటలో అందరూ ఆగిపోయి, బేస్ ఒక్కటే పలకాల్సిన చోటు వచ్చింది. టావిష్ దెబ్బ వేసి ఆగాడు. ఫెర్గస్ వేలిని తీగ మీదికి రమ్మన్నాడు. అది రాలేదు. మళ్లీ రమ్మన్నాడు.

ముందు బల్లల వాళ్లు ఊపిరి బిగబట్టి, నవ్వుమొహాలతో ఎదురుచూస్తున్నారు.

"ఎంతసేపు ఆపుతున్నాడో చూడు," అన్నాడొకడు పక్కవాడితో, మెల్లగా. "మనకెప్పుడొస్తుందో ఇది."