పొగ పోయేదాకా

మా ఇంట్లో పొయ్యిని వాకిట్లో అంటించేవాళ్లం. పాత ఇనుప బకెట్టుకు లోపల మట్టి మెత్తి, కింద గాలికి కంత పెట్టిన బొగ్గుల పొయ్యి అది. అంటించగానే పసుప్పచ్చటి చిక్కటి పొగ లేచేది. అది పూర్తిగా పోయి బొగ్గు ఎర్రబడ్డాకే అమ్మ బకెట్టును లోపలికి తెచ్చేది. నాన్న బొగ్గుబాయిలో పనిచేసినన్నాళ్లూ బొగ్గు ఇంటికి ఊరికే వచ్చేది. ఆయన పోయాక మణుగూరు వైపు నుంచి సైకిళ్ల మీద బస్తాలు వచ్చేవి. పినపాకలో మా వాడంతా అదే వంట, తెల్లారితే ప్రతి వాకిట్లోనూ అదే పొగ.

అమ్మ బకెట్టు పక్కనే పీట వేసుకుని విసనకర్రతో విసిరేది. నేను దగ్గరికి వెళ్తే గాలి ఎటుందో చూసి, "అటు కూసో బిడ్డా, పొగ తగుల్తది" అని పక్కకు నెట్టేది. గాలి మారితే నా చోటు మార్చేది. తను మాత్రం కదిలేది కాదు.

రెండు వేల సంవత్సరం దాటాక నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. గ్యాస్ తీసుకుందామని ఒకటి రెండుసార్లు అన్నాను. "గ్యాస్ మీద పప్పు ఉడుకుతదా? పలుకు పలుకు ఉంటది" అంది. నేను పట్టుపట్టలేదు. నిజం చెప్పాలంటే బొగ్గుల మీద ఉడికిన పప్పంటే నాకు ప్రాణం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఒక వానాకాలం పొద్దున వంటింట్లోంచి పొగ వస్తుంటే పరుగెత్తాను. పొగలు కక్కుతున్న బకెట్టు లోపలే ఉంది. అమ్మ దాని పక్కన దగ్గుతూ, కళ్లు కారుతూ, బెండకాయలు కోస్తోంది.

"ఏందమ్మా ఇది? కండ్లు కనబడ్తలేవా?" అని అరిచాను.

"పొగ పోయింది గదా" అంది నింపాదిగా.

మొండితనం అనుకుని రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత ఒకే కూరలో మూడుసార్లు ఉప్పు వేసింది. నాన్న డ్యూటీ నుంచి ఇంకా రాలేదేమని అడిగింది. అప్పుడు భయమేసి ఖమ్మం తీసుకెళ్లాను.

డాక్టరు అన్నీ అడిగి, చివరికి "దేని మీద వండుతరమ్మా?" అన్నాడు. మతిమరుపుకీ వంటకీ సంబంధమేమిటని విసుక్కుంటూనే చెప్పాను. ఆయన పెన్ను ఆపాడు.

"ఇన్నేండ్లు ఆ పొగలనేనా? ఊపిరితిత్తులకే కాదు, రక్తనాళాలకు, మెదడుకు గూడ అది చెడే చేస్తది. అదొక్కటే కారణమని నేను చెప్పలేను, వయసుంది, బీపీ ఉంది. కానీ ఇగనన్న పొగకు దూరంగ ఉంచు."

"ఉంచితే మతి తిరిగొస్తదా సార్?"

"పోయింది రాదమ్మా. ఉన్నది కొన్నాళ్లు నిలవొచ్చు."

ఉన్నది చాలనుకున్నాను. నేను తన బిడ్డనని తెలిసేంత మిగిలితే చాలు, ఇంకేమీ వద్దు.

నెల తిరగకుండా గ్యాస్ తెచ్చాను. బకెట్టు పారేశాను. అగ్గిపుల్ల ముందు, పొయ్యి నాబ్ తిప్పడం తర్వాత అని ఎన్నిసార్లు నేర్పానో లెక్కలేదు. ఒక సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి గుమ్మం దగ్గరే గ్యాస్ వాసన గుప్పుమంది. అమ్మ వాకిట్లో పీట మీద కూర్చుని ఉంది. పరుగున లోపలికెళ్లి తిప్పి ఉన్న నాబ్ కట్టేశాను. పొయ్యి అంటించనేలేదు. కిటికీలు తెరిచి బయటికొచ్చి, "ఏం చేసినవమ్మా?" అన్నాను.

"పొయ్యి ముట్టిచ్చిన. పొగ పోయినంక కూర పెడ్త."

నలభై ఏళ్లు చేసిన పనే చేసింది. ఆమె లెక్కలో తప్పేమీ లేదు. నేను ఆమె భుజాలు పట్టుకుని కుదిపేశాను, తర్వాత ఆ భుజం మీదే పడి ఏడ్చాను.

ఆ రోజు నుంచి వంటింటికి తాళం. మా పొయ్యి పొగ ఆగింది గానీ వాడ పొగ ఆగలేదు, ఎప్పటిలాగే గోడ దాటి వచ్చేది. అమ్మ రోజూ పొద్దున్నే పీట తెచ్చుకుని, బకెట్టు ఉండే చోట ఖాళీ నేల మీద విసనకర్రతో విసిరేది.

ఒకరోజు వెళ్లి పక్కన కూర్చున్నాను. నా ముఖంలోకి చాలాసేపు చూసింది.

"నేనెవర్నే అమ్మా?"

"ఏమో... ఎవరి పిల్లవో."

తర్వాత తలెత్తి గాలి ఎటుందో చూసింది. నా భుజం మీద చెయ్యేసి మెల్లగా నెట్టింది.

"అటు కూసో. పొగ తగుల్తది."

నేను అటు జరిగి కూర్చున్నాను.